1977: మూడు పైకప్పుల చరిత్ర

భిలాయి ఉక్కునగరంలో పేటలకు పేర్లు లేవు, అంకెలున్నాయి. ఆ వరుసలో సెక్టర్ 7 ఒకటి. ఇటుక గోడలు, కాంక్రీటు కప్పు, కుళాయి నీరు, విద్యుద్దీపం, నడిచి వెళ్లగలిగే దూరంలో బడి. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందంతో కర్మాగారానికి పునాది పడింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కొలిమితోపాటు కొలిమి పనివాడికి ఇల్లు కూడా ప్రణాళికలో భాగమే అయింది. దుర్గ్ జిల్లా పల్లెల నడుమ అంతవరకు లేని ఒక నగరాన్ని ప్రభుత్వం కాగితంపై గీసి, నేలపై నిలబెట్టింది. ఉత్తరాంధ్ర నుంచి, కోస్తా జిల్లాల నుంచి బతుకుతెరువుకై వెళ్లిన తెలుగు కుటుంబాలు ఆ క్వార్టర్లలో కాపురాలు పెట్టాయి. వారిలో అనేకులు పుట్టి పెరిగింది తాటాకు ఇళ్లలోనే. వర్షం కురిసిన రాత్రి నిద్రపట్టే ఇల్లు అంటే ఏమిటో వారికి బోధపడింది అక్కడే.

1977వ సంవత్సరాన్ని భారత రాజకీయ చరిత్ర అత్యవసర పరిస్థితి ముగిసిన ఏడాదిగా, ఢిల్లీలో తొలిసారి కాంగ్రెసేతర ప్రభుత్వం ఏర్పడిన ఏడాదిగా గుర్తుపెట్టుకుంది. ఆ ఏడాదికి మరొక చరిత్ర కూడా ఉంది. అది పైకప్పుల చరిత్ర. సెక్టర్ 7 క్వార్టరు కప్పు అందులో మొదటిది. రెండవది ఆ క్వార్టర్లకు అన్నం పెట్టిన ఇనుప గనుల్లోని గుడిసె కప్పు. మూడవది కృష్ణా నది సముద్రంలో కలిసే చోట, దివిసీమలోని తాటాకు కప్పు. మొదటిది నిలిచింది. రెండవదానికోసం ప్రాణాలు పోయాయి. మూడవదాన్ని సముద్రం తీసుకుపోయింది.

భిలాయి కొలిమికి ఖనిజం దల్లీ రాజహరా గనుల నుంచి వస్తుంది. 1977లో అక్కడ యంత్రాల గనులతోపాటు చేతితో తవ్వే గనులూ ఉండేవి. చేతితో తవ్వేవారు కాంట్రాక్టు కూలీలు. ఖనిజం ఒకటే, దానితో తయారయ్యే ఉక్కూ ఒకటే. అయినా కాంట్రాక్టు కూలీకి క్వార్టరు లేదు. వెదురు బొంగులు, కర్రలు, గడ్డి, మట్టి కలిపి తానే కట్టుకున్న గుడిసె అతని ఇల్లు. అత్యవసర పరిస్థితి తొలగిన వెంటనే ఆ కూలీలు శంకర్ గుహా నియోగి నాయకత్వంలో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్‌గా ఏర్పడ్డారు. వారి తొలి కోరికలలో ఒకటి వినడానికి చాలా చిన్నది: వానాకాలం రాకముందే గుడిసెల మరమ్మతుకు భత్యం ఇవ్వాలి. జూన్ 2, 3 తేదీలలో పోలీసులు కాల్పులు జరిపారు. పదకొండు మంది చనిపోయారు. వారిలో ఒక మహిళ, ఒక బాలుడు ఉన్నారు.

ఆ కోరికలోని తర్కాన్ని గమనించాలి. కూలీలు అడిగింది వాన వెలిసిన తర్వాత ఇచ్చే దానం కాదు, వాన రాకముందు ఇవ్వవలసిన హక్కు. విపత్తు నిర్వహణ అనే మాట ప్రభుత్వ పత్రాలలోకి ఎక్కడానికి ఎన్నో ఏళ్ల ముందే, అక్షరాలు రాని గని కూలీలు దాని మొదటి సూత్రాన్ని చెప్పారు. వారికి తుపాకీతో సమాధానం దొరికింది. ఆ మృతుల జ్ఞాపకార్థం కార్మికులే చందాలు వేసుకుని, ఇటుకలు మోసి కట్టుకున్న షహీద్ ఆసుపత్రి 1983 జూన్ 3న ప్రారంభమైంది. 1991 సెప్టెంబరు 28న భిలాయిలో నియోగి హత్యకు గురయ్యారు.

దల్లీ రాజహరా కాల్పులకు అయిదున్నర నెలల తర్వాత, 1977 నవంబరు 19, శనివారం నాడు, బంగాళాఖాతంలో పుట్టిన పెనుతుపాను ఆంధ్ర తీరాన్ని తాకింది. దానికి కుడివైపున, కృష్ణ రెండు పాయల నడుమ, దివిసీమ ఉంది. గాలి వేగం కంటే నీటి ఎత్తు ఎక్కువ ప్రాణాలు తీసింది. సుమారు అయిదు మీటర్ల ఎత్తున లేచిన సముద్రం లోపలికి పది కిలోమీటర్లకు పైగా చొచ్చుకువచ్చింది. తెలుగులో దానికి ఒక పాత మాట ఉంది: ఉప్పెన. వరద నది నుంచి వస్తుంది. అది పెరుగుతుంటే కంటికి కనిపిస్తుంది, కాలికి తగులుతుంది, పరుగెత్తడానికి వ్యవధి ఇస్తుంది. ఉప్పెన గోడలా వస్తుంది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, మూలపాలెం వంటి గ్రామాల పేర్లు ఆ రాత్రి తర్వాత తెలుగువారికి మృత్యువు పర్యాయపదాలయ్యాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే చనిపోయినవారు సుమారు పదివేల మంది. అనధికార అంచనాలు దానికి ఎన్నో రెట్లు ఉన్నాయి. రెండు లెక్కల మధ్య ఇంత అంతరం ఉండడమే ఒక సాక్ష్యం. పొట్టకూటికి వలస వచ్చిన కూలీ ఏ ఊరి రిజిస్టరులోనూ ఉండడు. బతికుండగా లెక్కలో లేనివాడు చనిపోయాక లెక్కలోకి ఎలా వస్తాడు?

ఆ రాత్రి ఎవరు బతికారు అన్న ప్రశ్నకు సమాధానం దాదాపు ఎప్పుడూ పైకప్పు దగ్గరే దొరికింది. డాబా ఇల్లు ఉన్నవాడు డాబా ఎక్కాడు. గుడి, బడి, ఏదో ఒక పక్కా కట్టడం దగ్గరగా ఉన్నవాడు దాని మీదికి చేరాడు. తాటిచెట్టునో తుమ్మచెట్టునో కరుచుకుని తెల్లవారిన వారూ ఉన్నారు. పూరిల్లు తప్ప మరేమీ లేని ఊళ్లలో, ఒళ్లో బిడ్డ ఉన్న తల్లికి, నడవలేని వృద్ధుడికి చెట్టు కూడా ఆశ్రయం కాలేదు. సముద్రానికి కులం లేదు, వర్గం లేదు అంటారు. కాని సముద్రానికి ఎదురుగా ఎవరి ఇల్లు ఉందో, ఆ ఇంటి గోడ మట్టిదో ఇటుకదో నిర్ణయించింది సముద్రం కాదు. చేపలు పట్టేవారు, వ్యవసాయ కూలీలు, దళితులు తీరానికి దగ్గరగా, నేల పల్లంగా ఉన్నచోట, మట్టిగోడల మధ్య ఉన్నారు. ఉప్పెన వారిని ఎంచుకోలేదు. దాని దారిలో వారిని అంతకుముందే ఎవరో నిలబెట్టారు.

ఈ విపత్తు ఊహకు అందనిదని ఆనాడు పాలకులు చెప్పుకోగలిగే స్థితి లేదు. 1839 నవంబరులో గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి రేవును ఉప్పెన ధ్వంసం చేసింది. 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పైవేల మంది మరణించారు. బందరుకు, దివిసీమకు మధ్య దూరం ఎంతో కాదు. 1969లో మే నెలలో ఒకటి, నవంబరులో ఒకటి తుపానులు ఆంధ్ర తీరాన్ని దెబ్బతీసినప్పుడు, కేంద్ర ప్రభుత్వం వాతావరణ శాఖ అధిపతి పి. కోటేశ్వరం అధ్యక్షతన తుపాను నష్ట నివారణ సంఘాన్ని నియమించింది. ముందస్తు హెచ్చరికలు, సమాచార సాధనాలు, తుపాను ఆశ్రయాల గురించి ఆ సంఘం 1971లోనే నివేదిక ఇచ్చింది. ఆరేళ్ల తర్వాత ఉప్పెన వచ్చిన నాడు దివిసీమ తీరగ్రామాలకు నివేదిక ఉంది, భవనం లేదు.

రేడియోలో హెచ్చరికలు వినిపించకపోలేదు. అయితే హెచ్చరిక అనేది సగం వాక్యం మాత్రమే. ప్రమాదం వస్తోంది అన్న మాటకు ఫలానా చోటికి వెళ్లండి అన్న మాట జతపడితేనే అది పూర్తవుతుంది. వెళ్లడానికి చోటు లేనివాడికి హెచ్చరిక భయాన్ని తప్ప మరేమీ ఇవ్వదు. పైగా అది వరి కోతకు వచ్చే కాలం. గొడ్డూ గోదా, చేతికందబోతున్న పంట, ఉన్న నాలుగు గిన్నెలు వదిలి, ఎక్కడికో తెలియకుండా బయలుదేరమంటే ఏ పేదవాడూ బయలుదేరడు. దీన్ని ప్రజల అజ్ఞానం అనడం పాలకులకు సుఖం. నిజానికి అది ప్రజలు వేసుకున్న లెక్క. ఆ లెక్కలో ప్రభుత్వం వైపు పద్దు ఖాళీగా ఉంది.

ఉప్పెన తీసిన తర్వాత మొదటి సహాయం బయటినుంచి రాలేదు. రోడ్లు తెగిపోయాయి, తంతి స్తంభాలు కూలాయి. నష్టం ఎంతటిదో హైదరాబాదుకు తెలియడానికే వ్యవధి పట్టింది. బతికినవారే బతికినవారికి మొదటి ఆశ్రయం అయ్యారు. బావుల్లో ఉప్పునీరు నిండింది. చెరువుల్లో పశువుల కళేబరాలు తేలాయి. తాగునీరు, ఆరిన బట్ట, వండుకునే పాత్ర, తల దాచుకునే చోటు: అవసరాలు ఈ క్రమంలో వచ్చాయి. తర్వాత సైన్యం, స్వచ్ఛంద కార్యకర్తలు, విద్యార్థులు, రాజకీయ పక్షాల కార్యకర్తలు చేరుకున్నారు. శవాలకు అంత్యక్రియలు జరపడమే రోజుల తరబడి సాగిన పని. రామకృష్ణ మిషన్, రాష్ట్రీయ స్వయంసేవక సంఘం, కమ్యూనిస్టు పార్టీలు, క్రైస్తవ సేవాసంస్థ కాసా ఒకే మట్టిలో, ఒకే దుర్వాసన మధ్య పనిచేశాయి. సిద్ధాంతరీత్యా ఒక వేదికపై కూర్చోని వారు అక్కడ ఒకే కాలువ గట్టున నడిచారు. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి ఊరూరా తిరిగి విరాళాలు సేకరించారు. అవనిగడ్డ శాసనసభ్యుడు మండలి వెంకట కృష్ణారావు రెండేళ్ల క్రితం తొలి ప్రపంచ తెలుగు మహాసభలను నడిపించిన మనిషి. ఉప్పెన తర్వాత ఆయన పేరు దివిసీమ పునర్నిర్మాణంతో విడదీయరానిదైపోయింది.

ఈ ఔదార్యాన్ని తక్కువ చేయడానికి ఏ కారణమూ లేదు. అయితే ఔదార్యానికి ఒక స్వభావం ఉంది. అది ఎక్కడికి వెళ్లాలో ఇచ్చేవాడు నిర్ణయిస్తాడు. రోడ్డు పక్క ఊరికి పది లారీలు వస్తాయి, పాయ దాటవలసిన ఊరికి ఒక్కటీ రాదు. ఒక సంస్థ దత్తత తీసుకున్న ఊరికి కాంక్రీటు ఇళ్లు వస్తాయి, పక్క ఊరు ఎదురుచూస్తూ ఉండిపోతుంది. స్టీఫెన్ కోహెన్, సి.వి. రాఘవులు 1979లో ప్రచురించిన అధ్యయనం ఆ సామూహిక మృత్యువుకు వ్యక్తులు, సంస్థలు స్పందించిన తీరును నమోదు చేసింది. 1992లో వెలువడిన పీటర్ వించెస్టర్ పుస్తకం కృష్ణా డెల్టా కుటుంబాల స్థితిని పరిశీలించి, తుపానుకు గురయ్యే ప్రమాదం భూగోళంతో ఎంత ముడిపడి ఉందో ఆస్తితో, అధికారంతో అంతకంటే ఎక్కువగా ముడిపడి ఉందన్న వాదనను ముందుకు తెచ్చింది. భూమి ఉన్నవాడు బ్యాంకు అప్పుతో, పలుకుబడితో మరుసటి పంటకే లేచి నిలబడతాడు. భూమి లేనివాడికి పోయింది గుడిసె ఒక్కటే కనుక, కాగితంపై అతని నష్టం తక్కువగా కనిపిస్తుంది. ఎంత తక్కువ ఉంటే అంత తక్కువ పోయినట్లు, అంత తక్కువ ఇవ్వవలసినట్లు. నష్టపరిహారపు లెక్కలో ఇమిడి ఉన్న క్రూరత్వం ఇదే.

దివిసీమ మరణాలు పూర్తిగా వృథా కాలేదన్నది కూడా చరిత్రే. 1979లో రాష్ట్రంలో గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. బలహీనవర్గాలకు పక్కా ఇల్లు అన్నది ఎన్నికల వాగ్దానంగా, తర్వాత పథకంగా స్థిరపడింది. తీరం వెంట తుపాను రక్షిత భవనాలు లేచాయి. స్తంభాలపై ఎత్తుగా, నీరు కింద నుంచి వెళ్లిపోయేలా, మామూలు రోజుల్లో బడిగానో సమావేశ మందిరంగానో ఉపయోగపడేలా వాటిని కట్టారు. ఈ చివరి అంశం చిన్నది కాదు. పిల్లవాడు రోజూ వెళ్లే భవనానికి ఆ ఊరు దారి మరచిపోదు. తాళం వేసి ఉంచిన ఆశ్రయం తాళంచెవి దొరకని రాత్రి ఆశ్రయం కాదు.

పరీక్ష 1990 మే 9న వచ్చింది. 1977 నాటిదానితో పోల్చదగిన మహాతుపాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి ఇన్సాట్ ఉపగ్రహం దాన్ని కనిపెట్టి చూసింది. లక్షలాది మందిని ముందుగానే ఖాళీ చేయించారు. మృతుల సంఖ్య వెయ్యికి లోపు నిలిచింది. వెయ్యికి దగ్గర ప్రాణాలు పోవడం విజయం అనిపించుకోదు. కాని పదివేలకు, వెయ్యికి మధ్య ఉన్న అంతరం దేవుడి దయ కాదు. అది ఉపగ్రహం, రేడియో, రెవెన్యూ ఉద్యోగి, కాంక్రీటు కలిసి చేసిన పని. దానికి 1977 జ్ఞాపకం తోడైంది. ఈసారి వెళ్లమన్నప్పుడు జనం వెళ్లారు, ఎందుకంటే వెళ్లడానికి చోటు ఉంది, వెళ్లకపోతే ఏమవుతుందో వారికి తెలుసు.

ఆ వ్యవస్థలో మిగిలిన చిరుగులు 1996 నవంబరు 6న బయటపడ్డాయి. కోనసీమను తాకిన తుపానులో వెయ్యిమందికి పైగా మరణించారు. వేటకు వెళ్లిన పడవల్లో ఉన్నవారికి ఒడ్డున ఎన్ని భవనాలుంటే ఏం ప్రయోజనం? కొబ్బరిచెట్లు కూలిన కౌలుదారుడికి కొత్త చెట్టు కాపుకు వచ్చేదాకా ఏ భవనం అన్నం పెడుతుంది? 1999 అక్టోబరు 29న ఒడిశాను తాకిన మహాతుపానులో పదివేలకు దగ్గరగా ప్రాణాలు పోయాయి. దివిసీమ పాఠం పొరుగు రాష్ట్రానికి చేరడానికి ఇరవై రెండేళ్లు చాలలేదు. ఆ తర్వాత ఒడిశా నేర్చుకుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ వచ్చినప్పుడు సుమారు పదిలక్షల మందిని తరలించి, మరణాలను పదుల సంఖ్యకు పరిమితం చేసింది.

ఇక్కడ ఢిల్లీ పాత్రను ప్రస్తావించక తప్పదు. విపత్తు వచ్చిన ప్రతిసారీ ముఖ్యమంత్రి వినతిపత్రంతో ఢిల్లీ వెళ్లడం, కేంద్ర బృందం వచ్చి చూసి వెళ్లడం, అడిగినదానిలో కొంత విదల్చడం చాలాకాలం సాగిన ఆనవాయితీ. 1977లో ఢిల్లీలో జనతా, హైదరాబాదులో కాంగ్రెస్ ఉన్నాయి. అటువంటి సమయాల్లో శవాల లెక్క కూడా రాజకీయమవుతుంది. తొమ్మిదవ ఆర్థిక సంఘం సిఫారసుతో 1990లో ఏర్పడిన విపత్తు సహాయ నిధి ఈ బేరసారాలకు కొంత అడ్డుకట్ట వేసింది. అందులో కేంద్రం వాటా మూడువంతులు, రాష్ట్రం వాటా ఒకవంతు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం మరొక అడుగు ముందుకు వేసింది. ఆ చట్టంలోని 12వ సెక్షను శిబిరాల్లో ఆశ్రయం, ఆహారం, తాగునీరు, వైద్యం, పారిశుద్ధ్యాలకు కనీస ప్రమాణాలు నిర్దేశించాలంటుంది. వితంతువులకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్లు ఉండాలంటుంది. ఇంటి నష్టానికి, జీవనోపాధి పునరుద్ధరణకు సహాయం గురించి మాట్లాడుతుంది. జోలెలో పడిన బియ్యం నుంచి చట్టంలోని సెక్షను దాకా సాగిన ఈ ప్రయాణం స్వతంత్ర భారత రాజ్యం సాధించిన విషయాలలో చెప్పుకోదగినదే.

అయినా ప్రయాణం ముగియలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 1977లో జనం కొట్టుకుపోయిన తీరానికి అది కూతవేటు దూరం. ఈసారి శవాల గుట్టలు లేవు. కోతకోసిన వరి మాత్రం నీటిలో మొలకెత్తింది. ఆ వరి పండించినవారిలో కౌలు రైతులు ఎందరో. వారి పేరు పాసుపుస్తకంలో ఉండదు. 2011లో ఒక చట్టం, 2019లో ఇంకొక చట్టం కౌలు రైతుకు గుర్తింపు ఇస్తామన్నాయి. భూయజమాని సంతకం పెట్టడానికి వెనుకాడినంతకాలం ఆ గుర్తింపు కార్డు కాగితమే. ప్రాణాన్ని కాపాడే విద్య రాజ్యం నేర్చుకుంది. బతికినవాడి బతుకును కాపాడే విద్య ఇంకా నేర్చుకోవలసి ఉంది.

అందుకే 1977 నాటి మూడు పైకప్పులను పక్కపక్కన పెట్టి చూడడం అవసరం. ఒక రాజ్యం అడవుల, పొలాల నడుమ ఇరవై ఏళ్లలో సెక్టరు తర్వాత సెక్టరుగా వేలాది కాంక్రీటు కప్పులు వేయగలిగింది. సిమెంటు, ఉక్కు, ఇంజినీర్లు, ధనం, ప్రణాళిక ఏవీ కొరవడలేదు. అదే రాజ్యానికి అదే ఇరవై ఏళ్లలో, ఉప్పెన వస్తుందని తెలిసిన తీరంలో, ఊరికి ఒక్క ఎత్తయిన గది కట్టడం చేతకాలేదు. చేతకాలేదనడం కూడా సరికాదు. ఉక్కు కార్మికుడు జాతి నిర్మాత, అతనికి ఇల్లు పెట్టుబడి. గని కాంట్రాక్టు కూలీ ఖర్చు, అతని గుడిసె అతని సమస్య. దివిసీమ కూలీ ఆ పట్టికలో ఏ వరుసలోనూ లేడు.

సెక్టర్ 7 క్వార్టరు కూడా అందులో ఉన్నవారి సొత్తు కాదు. అది ఉద్యోగంతో వచ్చి ఉద్యోగంతో పోతుంది. పదవీ విరమణ చేసిన నాడు, ముప్పై ఏళ్లు దీపం పెట్టిన ఇంటి తాళంచెవి అప్పగించి వెళ్లాలి. గని కూలీ గుడిసె భత్యం సంఘం బలం మీద, తీరవాసి ఇల్లు పట్టా మీద ఆధారపడ్డాయి. ఉద్యోగం, సంఘం, పట్టా, పాసుపుస్తకం: ఈ దేశంలో ఆశ్రయం ఎప్పుడూ మరొకదానికి తోకగానే వచ్చింది. మనిషి కనుక అతనికి తలదాచుకునే చోటు ఉండాలన్న సూత్రం ఒక్క తుపాను రక్షిత భవనంలోనే, అదీ ఉప్పెన వచ్చే ఒక్క రాత్రికే, అమలవుతోంది. ఆ రాత్రి ఆ మెట్లు ఎక్కేవాడిని ఎవరూ కాగితం అడగరు. తెల్లవారి నీరు తీశాక, మెట్లు దిగిన మొదటి గంటలోనే అడుగుతారు.